‘అగ్రే’నా, ‘అగ్నేః’నా: ఋగ్వేదం 10.18.7 అనువాద పరిష్కరణపై ఒక కేస్ స్టడీ

వేద, స్మృతి గ్రంథాల తెలుగు అనువాదాలను అచ్చుకు వెళ్లే ముందు మూలంతో సరిచూడడం, పాఠభేదాలను తేల్చడం, అవసరమైన చోట అధోజ్ఞాపికలు రాయడం నా వృత్తి. మూడేళ్ల క్రితం ఒక ప్రచురణ సంస్థ ఋగ్వేదం పదవ మండలం నుంచి ఏరిన సూక్తాల తెలుగు అనువాదాన్ని నాకు పంపింది. అనువదించినవారు పదవీ విరమణ చేసిన సంస్కృతోపాధ్యాయులు, జాగ్రత్త గల మనిషి. పని అంతా సాఫీగానే ఉంది గాని, మృత్యువును గురించిన పద్ధెనిమిదవ సూక్తంలో ఏడవ మంత్రం దగ్గర అది ఆగిపోయింది. ఆ ఒక్క మంత్రానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అనువాదకులు మూలాన్ని సరిగానే ఎత్తి రాశారు. అర్థమూ సరిగానే రాశారు. అయితే కింద ఒక అధోజ్ఞాపికలో, సహగమనానికి వేదంలోని ఆధారం ఈ మంత్రమేననీ, చివరి పదాన్ని కొందరు ‘అగ్నేః’ అని చదువుతారనీ చేర్చారు. ప్రతిని చూసిన మొదటి సమీక్షకుడు దానిపై తీవ్రంగా స్పందించారు. అది బెంగాల్ పండితులు ఉద్దేశపూర్వకంగా చేసిన కూటసృష్టి, అంటే దొంగపాఠం, అనీ, ఆ మాటను అధోజ్ఞాపికలో స్పష్టంగా రాయాలనీ ఆయన పట్టుబట్టారు. రెండవ సమీక్షకుడు ఇంకొక దారి పట్టారు. ఒక్క అక్షరం మారితే బతుకు చావుగా మారిపోయే గ్రంథాన్ని ఏ ధైర్యంతో నమ్మమంటారు, మిగిలిన పది వేల పైచిలుకు మంత్రాల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు అని ఆయన ప్రశ్నించారు. తేల్చి చెప్పవలసిన పని నా మీద పడింది.

మంత్రం ఇది:

ఇమా నారీరవిధవాః సుపత్నీరాంజనేన సర్పిషా సం విశంతు ।
అనశ్రవోఽనమీవాః సురత్నా ఆ రోహంతు జనయో యోనిమగ్రే ॥

విధవలు కాని, మంచి భర్తలు గల ఈ స్త్రీలు నేతి కాటుక పెట్టుకొని ప్రవేశింతురు గాక. కన్నీరు లేనివారై, రోగం లేనివారై, మంచి ఆభరణాలు ధరించి, ఈ ఇల్లాండ్రు ముందుగా తమ స్థానాన్ని చేరుదురు గాక. ‘యోని’ అనే మాటకు వేదభాష్యకారులైన సాయణులు ఇల్లు అనే అర్థం చెప్పారు. ‘అగ్రే’ అంటే అందరికంటే ముందుగా అని. అవిధవలు అంటే భర్తలు బతికి ఉన్నవారు అని కూడా ఆయనే వివరించారు. అంటే ఈ మంత్రం చనిపోయినవాని భార్యను ఉద్దేశించినదే కాదు. అంత్యక్రియకు వచ్చిన బంధుస్త్రీలు కన్నీళ్లు తుడుచుకొని, కాటుక దిద్దుకొని, మళ్లీ బతుకులోకి తిరిగి వెళ్లడం ఇందులో ఉంది. ఇంటి సంస్కారాల విధులు చెప్పే ఆశ్వలాయన గృహ్యసూత్రం కూడా దీనిని ఆ స్త్రీలు కాటుక పెట్టుకొనే సందర్భానికే వినియోగించింది.

ఇక్కడ ‘యోనిమగ్రే’ బదులు ‘యోనిమగ్నేః’ అని చదివితే, అదే వాక్యం ‘అగ్ని యొక్క స్థానాన్ని ఎక్కుదురు గాక’ అని మారిపోతుంది. తేడా ఒక వత్తు, ఒక విసర్గ. ఛందస్సు కూడా మనల్ని కాపాడదు. ఈ మంత్రం ఛందస్సు త్రిష్టుప్పు, అందులో పాదానికి పదకొండు అక్షరాలు. రెండు పాఠాలకూ లెక్క సరిపోతుంది. అందువల్ల రెండవ సమీక్షకుని భయం ఉత్తది కాదు. కాగితం మీద మాత్రమే చూస్తే ఈ రెండు పాఠాల్లో ఏది అసలుదో ఛందస్సుతో తేల్చలేము.

అయితే ఋగ్వేదం కాగితం మీద వచ్చిన గ్రంథం కాదు. ఈ వివాదంలో పాల్గొన్న చాలామంది మరచిపోయిన విషయం ఇదే కాబట్టి దీనిని కొంచెం వివరంగా రాస్తాను.

గోదావరి జిల్లాలో ఋగ్వేదాన్ని క్రమపాఠం వరకు చదువుకున్న ఒక పెద్దాయనను వెతుక్కుంటూ వెళ్లాను. తెలుగునాట వైదికుల్లో అత్యధికులు కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారు కావడం వల్ల ఋగ్వేదులను వెతకవలసే వస్తుంది. నేను అడిగిన సూక్తం పేరు వినగానే ఆయన, “ఇది ఇంట్లో చెప్పేది కాదు బాబూ, ఏటి ఒడ్డుకు పోదాం పదండి” అన్నారు. అపరకర్మకు చెందిన మంత్రాలను ఇంటి గడప లోపల పలకకపోవడం వారి ఆచారం. రేవు మెట్ల మీద కూర్చొని ఆయన మొదట సంహిత (సంధులతో ఉన్న మంత్రం), తరువాత పదం (పదాలు విడివిడిగా), ఆ తరువాత క్రమం (పదాలు రెండేసి జోడించి) చెప్పారు. క్రమంలో చివరి పదం దగ్గరికి వచ్చేసరికి “యోనిమగ్రే, అగ్ర ఇత్యగ్రే” అన్నారు.

క్రమపాఠంలో అర్ధర్చం (మంత్రంలో సగం) చివరి పదాన్ని ‘ఇతి’తో కలిపి మళ్లీ చెప్పాలి. ‘అగ్రే’ అయితే సంధి వల్ల ‘అగ్ర ఇత్యగ్రే’ అవుతుంది. ‘అగ్నేః’ అయి ఉంటే ‘అగ్నేరిత్యగ్నేః’ అనవలసి ఉండేది. ఈ రెండూ చెవికి ఏ మాత్రమూ పోలిక లేనివి. స్వరం సంగతి ఇంకా ముఖ్యమైనది. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనేవి వేదం పలకడంలోని గొంతు హెచ్చుతగ్గులు. ‘అగ్రే’లో మొదటి అక్షరం ఉదాత్తం. ‘అగ్నేః’లో రెండవ అక్షరం ఉదాత్తం. ఆ మార్పు ఆ పదంతోనే ఆగదు. ‘యోనిమ్’లో ‘యో’ ఉదాత్తం కాబట్టి దాని తరువాతి ‘ని’ మామూలుగా స్వరితం కావాలి. కాని వెంటనే ‘అగ్రే’లోని ఉదాత్తం రావడం వల్ల అది స్వరితం కాకుండా అనుదాత్తంగానే నిలుస్తుంది. ‘అగ్నేః’ అని మారిస్తే ఆ ‘ని’ని స్వరితంగా పలకాలి. అంటే ఈ ఒక్క అక్షరాన్ని మార్చదలచినవాడు మూడు వరుస అక్షరాల స్వరాన్ని, పదపాఠాన్ని, క్రమం, జట, ఘనం అనే వల్లె పద్ధతులలోని సంధులన్నింటినీ మార్చి, ఆ మార్పును దేశంలో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చదువుకుంటున్న గురుశిష్య పరంపరలన్నింటి చేత ఒప్పించాలి. అది జరిగే పని కాదు, జరగలేదు కూడా.

ఒక్క ఋగ్వేద పరంపర సాక్ష్యంతోనే సరిపెట్టుకోకుండా మిగిలిన శాఖలను కూడా చూశాను. అథర్వవేదంలో ఈ మంత్రం పన్నెండవ కాండలో ఒకసారి, పద్ధెనిమిదవ కాండలో ఒకసారి వస్తుంది. అక్కడ ‘సం విశంతు’ బదులు ‘సం స్పృశంతాం’ అని ఉంది. తైత్తిరీయారణ్యకం ఆరవ ప్రపాఠకంలో అదే చోట ‘సం మృశంతాం’ అనీ, ‘సురత్నాః’ బదులు ‘సుశేవాః’ అనీ ఉంది. మూడు శాఖలు ఒకదాన్ని చూసి ఒకటి దిద్దుకోలేదనడానికి ఈ భేదాలే రుజువు. అలా వేర్వేరుగా నడిచిన మూడూ చివరి పదం దగ్గర మాత్రం ‘యోనిమగ్రే’ అనే చెబుతున్నాయి. వేరువేరు ఊళ్ల నుంచి వచ్చిన సాక్షులు చిన్న వివరాల్లో తేడాగా చెప్పి అసలు విషయంలో ఒకటే మాట చెబితే ఆ మాటకు ఎంత బలం ఉంటుందో, ఈ పదానికి అంత బలం ఉంది. పైగా సూక్తంలో చివరి మంత్రాలు చూడండి. ఓ భూమీ, తల్లి కొంగుతో బిడ్డను కప్పినట్లు ఇతన్ని కప్పు అని అక్కడ ప్రార్థన. దహనానికి వేరే సూక్తం ఉంది, అది అదే మండలంలో పదహారవది. ఈ పద్ధెనిమిదవ సూక్తం నేలను గురించి, గోరీని గురించి, మృతుని విడిచి ఆటపాటల వైపు, నవ్వుల వైపు మళ్లిన జీవులను గురించి మాట్లాడుతుంది.

కాబట్టి మూలపాఠం విషయంలో సందేహానికి తావు లేదు. మరి ‘అగ్ని’ ఎక్కడి నుంచి వచ్చింది?

పదహారవ శతాబ్దంలో నవద్వీపానికి చెందిన స్మార్త పండితుడు రఘునందనుడు శుద్ధితత్త్వం అనే ధర్మనిబంధంలో (ధర్మశాస్త్ర సంకలనంలో) ఈ మంత్రాన్ని అగ్నిప్రవేశానికి ఆధారంగా ఉదాహరించాడు. ఆ ఉదాహరణే బెంగాల్ పండితుల వాడుకలో నిలిచింది. హిందూ వితంతువు ధర్మాలపై ఆంగ్ల సంస్కృతవేత్త హెన్రీ కోల్‌బ్రూక్ 1795లో ప్రచురించిన వ్యాసంలో దానికి ఇంగ్లీషు అనువాదం ఉంది. ఆ అనువాదంలో ఈ స్త్రీలు తమను అగ్నికి అప్పగించుకొంటారు. మరణం లేనివారు, సంతానహీనులు కానివారు, భర్తృహీనులు కానివారు. ‘నీరు మూలధాతువుగా గల’ అగ్నిలోకి వెళతారు. 1854లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు హోరేస్ హేమన్ విల్సన్ వ్రాతప్రతులను, సాయణభాష్యాన్ని చూపి ఈ పాఠం వేదంలో లేదని నిరూపించాడు. రెండేళ్ల తరువాత మాక్స్ ముల్లర్ ఆ మాటనే మరింత ఘాటుగా చెప్పాడు. మనస్సాక్షి లేని పురోహితవర్గం ఏమి చేయగలదో చెప్పడానికి ఇంతకంటే దారుణమైన ఉదాహరణ బహుశా లేదనీ, ఛిద్రం చేసి, తప్పుగా అనువదించి, తప్పుచోట వాడిన ఒక వాక్యం పేరిట వేల ప్రాణాలు బలయ్యాయనీ రాశాడు. మా మొదటి సమీక్షకుడు పట్టుబట్టిన అభిప్రాయం అక్కడి నుంచి వచ్చినదే.

నేనూ మొదట దానినే నమ్మాను. నా తొలి చిత్తులో ‘రఘునందనుడు మార్చిన పాఠం’ అని రాసి ప్రచురణ సంస్థకు పంపాను కూడా. వారం రోజుల తరువాత కోల్‌బ్రూక్ వాక్యాన్ని సంస్కృతంతో పదానికి పదం పక్కన పెట్టి చూస్తున్నప్పుడు ‘నీరు మూలధాతువుగా గల’ అనే చోట కలం ఆగింది. ‘అగ్రే’ను ‘అగ్నేః’గా మార్చినంత మాత్రాన నీరు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఇంగ్లీషు వెనుక ‘జలయోని’ అనే మాట ఉంటే తప్ప ఆ అర్థం రాదు. రామమోహన్ రాయ్ 1818లో రాసిన సంవాదంలో సహగమనాన్ని సమర్థించే పాత్ర ఈ మంత్రాన్నే చెబుతుంది; అక్కడ కూడా అగ్నిని ‘నీటికి జన్మస్థానమా’ అని పిలుస్తుంది. అదే సమయంలో రాయ్ ఇచ్చిన రూపంలో స్త్రీలు కన్నీరు లేనివారుగా ఉన్నారు, కోల్‌బ్రూక్ రూపంలో మరణం లేనివారుగా ఉన్నారు. అంటే ఒకచోట ‘అనశ్రవః’ నిలిచింది, ఇంకొకచోట అది ‘అనశ్వర’ వంటి మాటగా మారిపోయింది. ‘అనమీవాః’ కూడా కోల్‌బ్రూక్ ముందున్న ప్రతిలో చెడి ఉండాలి. లేకపోతే రోగం లేని స్త్రీలు సంతానహీనులు కాని స్త్రీలుగా మారరు.

ఇప్పుడు ‘జనయో యోనిమ్’ అనే మాటలను గట్టిగా పలికి చూడండి. ‘యో’ వెంట ‘యో’ వస్తుంది. వ్రాతప్రతులను నకలు చేసేవారి చేతిలో అతి సాధారణంగా జరిగే పొరపాటు ఇలాంటి జంట అక్షరాల్లో ఒకటి జారిపోవడం. తెలుగు తాళపత్రాలు సరిచూసే రోజుల్లో ఇది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఒక ‘యో’ జారితే ‘జనయోనిమ్’ మిగులుతుంది. ఈ సందర్భంలో ఆ మాటకు పొందిక లేదు. బంగ్లా లిపిలో ‘న’, ‘ల’ చాలా దగ్గరగా ఉంటాయి. అర్థం కుదరని చోట తరువాతి లేఖకుడు దానిని ‘జలయోనిమ్’గా చదువుకున్నాడు. నీటికి, అగ్నికి ఉన్న సంబంధం శాస్త్రాల్లో ప్రసిద్ధమే కాబట్టి, జలయోని అన్న తరువాత పక్కనున్న ‘అగ్రే’ సహజంగానే ‘అగ్నే’గా కనిపిస్తుంది. ఇది నా ఊహే గాని రుజువు కాదు. కాని దీనికి ఒక పరీక్ష ఉంది. ‘ఆ రోహంతు జలయోనిమగ్నే’ అనే పాదాన్ని లెక్కిస్తే పది అక్షరాలే వస్తాయి. త్రిష్టుప్పు విరిగిపోయింది. మోసం చేయదలచిన పండితుడు ఒక్క వత్తు మార్చి ఛందస్సును చెక్కుచెదరకుండా ఉంచగలిగి ఉండగా, పాదాన్నే విరగ్గొట్టుకొని, చుట్టుపక్కల మరో రెండు మూడు పదాలను కూడా అర్థం లేకుండా చెడగొట్టుకొంటాడా? ఇక్కడ కనిపిస్తున్నది ఒక చేతి నేర్పు కాదు, అనేక చేతుల అజాగ్రత్త. వేదాన్ని స్వరంతో చదువుకోని ప్రాంతంలో, స్వరం లేకుండా, ధర్మనిబంధంలో ఒక ఉదాహరణగా, నకలు నుంచి నకలుగా నడిచిన మంత్రానికి ఇలాగే జరుగుతుంది.

పాండురంగ వామన కాణే కూడా తన ధర్మశాస్త్ర చరిత్రలో, ఉద్దేశపూర్వకంగా మార్చారన్న నేరారోపణకు ఆధారం లేదనే అభిప్రాయానికే వచ్చారు. ఆయన చూపిన కారణాల్లో ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. సహగమనాన్ని సమర్థించినవారికి ఈ మంత్రంతో అవసరమే లేదు. వారి చేతిలో స్మృతివాక్యాలు ఉన్నాయి. భర్తతో వెళ్లిన స్త్రీ మనిషి ఒంటి మీద ఉన్న రోమాలన్ని ఏళ్లు, అంటే మూడున్నర కోట్ల ఏళ్లు, స్వర్గంలో ఉంటుందన్న పరాశరస్మృతి వాక్యం చాలు. వ్యతిరేకించినవారు కూడా ఈ అక్షరం మీద ఆధారపడలేదు. మేధాతిథి మనుస్మృతి భాష్యంలో సహగమనాన్ని శత్రువధ కోసం చేసే శ్యేనయాగంతో పోల్చి, ఆయుష్షు తీరకముందే చావరాదన్న శ్రుతిని చూపి ఖండించాడు. రామమోహన్ రాయ్ స్వర్గకామనతో చేసే కర్మ హీనమని గీతను, ఉపనిషత్తులను చూపి వాదించాడు. విలియం బెంటింక్ నిషేధ శాసనం 1829 డిసెంబరు 4న వచ్చింది. మద్రాసు రాజధానిలో, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, 1830లో వచ్చింది. విల్సన్ పాఠాన్ని సరిచేసింది ఆ తరువాత పాతికేళ్లకు. ఒక్క వత్తును దిద్ది ఉంటే ఆ ఆడవాళ్లు బతికేవారని చెప్పుకోవడం మనకు ఊరటనిస్తుంది, కాని అది నిజం కాదు. వారిని చంపింది లేఖక దోషం అని రాస్తే, ఆ చావులకు కారణమైన ఆచారాన్ని, ఆస్తి లెక్కలను, చుట్టూ నిలబడి చూసిన మనుషులను ఆ అక్షరం వెనుక దాచినట్లవుతుంది. ఆ పని నా అధోజ్ఞాపిక చేయకూడదని నేను గట్టిగా అనుకున్నాను.

విల్సన్‌కు జవాబుగా శబ్దకల్పద్రుమ కర్త రాజా రాధాకాంత దేవ్ 1858లో రాసిన లేఖను కూడా ఇక్కడ చెప్పాలి. ఋగ్వేద మంత్రం కాకపోయినా సహగమనానికి వేరే శ్రుతి ఉందంటూ ఆయన తైత్తిరీయంలోని ఔఖ్య శాఖవని చెప్పి రెండు మంత్రాలు చూపారు. అవి నారాయణీయోపనిషత్తు 84వ అనువాకంలో (విభాగంలో) ఉదాహరింపబడ్డాయన్నారు. తెలుగువారికి ఈ వాదం కొంత దగ్గరిది. ఈ ఉపనిషత్తుకు దేశభేదాన్ని బట్టి పాఠభేదాలున్నాయనీ, ద్రావిడుల పాఠంలో 64 అనువాకాలు, ఆంధ్రుల పాఠంలో 80 ఉన్నాయనీ, కర్ణాటకలో ఇంకా వేరే లెక్కలున్నాయనీ సాయణులే చెప్పారు. మన ఆంధ్రపాఠం 80తో ముగుస్తుంది. అందులో ఎక్కడా ఆ మంత్రాలు లేవు. వేదగ్రంథాల్లో అన్నీ ఒకే గట్టిదనంతో నిలవలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. పదం, క్రమం, ఘనం కట్టుదిట్టంగా ఉన్న సంహితాభాగం వేరు. ఈ ఉపనిషత్తులా ఆరణ్యకాల చివర పరిశిష్టంగా చేరిన భాగం వేరు. రెండవ సమీక్షకుని ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు ఇదే. “వేదం నమ్మదగినదా” అని మొత్తంగా అడిగితే జవాబు లేదు. ఏ భాగం, ఏ శాఖలో, ఏ విధంగా, ఎవరి నోట లేదా ఎవరి చేత నడిచి వచ్చిందో చెబితే, దాని గట్టిదనం ఎంతో చెప్పవచ్చు. ఏడవ మంత్రంలోని ‘అగ్రే’ అత్యంత గట్టిది. నిబంధాల్లో ఉదాహరించిన ‘అగ్నే’ అత్యంత బలహీనమైనది. రెండింటినీ ‘పాఠభేదం’ అనే ఒకే మాటతో పక్కపక్కన అచ్చువేయడమే మా అనువాదకుల అధోజ్ఞాపికలోని పొరపాటు.

ఇక్కడితో పని పూర్తయిందనుకుంటుండగా మొదటి సమీక్షకుడు ఇంకొక ఉత్తరం రాశారు. కూటసృష్టి అన్న మాట తీసివేయడానికి ఒప్పుకుంటూనే, వేదం వితంతువును మళ్లీ పెళ్లి చేసుకోమని చెబుతోందని ఎనిమిదవ మంత్రం కింద రాయమన్నారు. దానికి తోడుగా, కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పటి వాదానికి ఆధారమైన పరాశర శ్లోకాన్ని కూడా చేర్చమన్నారు. ఆయన ఉద్దేశం మీద నాకు పూర్తి గౌరవం ఉంది. వీరేశలింగం గారి పని మీద అంతకు మించిన గౌరవం ఉంది. అయినా మనకు నచ్చని పాఠానికి పెట్టిన పరీక్షనే మనకు నచ్చిన పాఠానికీ పెట్టాలని ఆయనకు రాశాను.

పరాశర శ్లోకం సంగతి ముందు. ‘నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ’ అంటూ, ఈ అయిదు ఆపదల్లో స్త్రీకి మరొక భర్త విధింపబడుతున్నాడని ఆ శ్లోకం చెబుతుంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో దీని మీదనే నిలబడ్డారు. ‘పతౌ’ అనే రూపాన్ని వ్యతిరేకులు పట్టుకున్నారు. పాణిని సూత్రం ‘పతిః సమాస ఏవ’ ప్రకారం విడిగా ఉన్న ‘పతి’ శబ్దానికి సప్తమిలో ‘పత్యౌ’ రావాలి గాని ‘పతౌ’ రాదు. కాబట్టి అక్కడ ‘పతితేఽపతౌ’ అని అవగ్రహంతో (లోపించిన ‘అ’కు గుర్తైన ‘ఽ’తో) విడదీయాలి, అపతి అంటే ఇంకా పూర్తిగా భర్త కానివాడు, మాట మాత్రమే ఇచ్చుకున్నవాడు అని వారి వాదన. పలికితే రెండూ ఒక్కటే. వ్రాతప్రతుల్లో అవగ్రహాన్ని నియమంగా రాసే అలవాటు లేదు. కాబట్టి ఇక్కడ మంత్రానికి ఉన్న స్వరరక్షణ కూడా లేదు. వ్యాకరణం వారి వైపే ఉందని ఒప్పుకోవాలి. అయితే స్మృతుల్లో వ్యాకరణానికి లొంగని రూపాలు అరుదు కాదు. ఇదే శ్లోకం నారదస్మృతిలోనూ ఉంది. దాని వెంటనే, దేశాంతరం పోయిన భర్త కోసం బ్రాహ్మణస్త్రీ ఎనిమిదేళ్లు, బిడ్డలు కలగనిదైతే నాలుగేళ్లు చూడాలని అక్కడ చెప్పారు. బిడ్డలు కలిగిన స్త్రీని గురించి మాట్లాడుతున్నప్పుడు మాట మాత్రమే ఇచ్చుకున్న వరుడు అనే అర్థం నిలవదు. పరాశరస్మృతికి వ్యాఖ్య రాసిన మాధవాచార్యులు కూడా ‘అపతౌ’ అని విడదీయలేదు; శ్లోకాన్ని ఉన్నదున్నట్లు ఒప్పుకొని, అది వేరొక యుగానికి చెందిన ధర్మమని పక్కన పెట్టారు. దీనివల్ల ‘పతౌ’ పాఠం నిలుస్తుంది. ఆ యుగనియమం ఎంతవరకు సమంజసమన్నది పాఠపరిష్కర్త తేల్చే విషయం కాదు.

ఎనిమిదవ మంత్రం ఇంత సులభంగా తేలలేదు. ‘ఉదీర్ష్వ నార్యభి జీవలోకం’, ఓ స్త్రీ, లే, బతికినవారి లోకం వైపు రా, ప్రాణం పోయిన ఇతని పక్కన పడుకొని ఉన్నావు, రా అని మొదటి సగం. ఇందులో ఏ సందేహమూ లేదు. ఆశ్వలాయనుడు ఈ మంత్రంతో మరిది గాని, శిష్యుడు గాని, ముసలి సేవకుడు గాని ఆమెను చితి మీద నుంచి లేవదీయాలని చెప్పాడు. సహగమనానికి వేదంలో ఆధారం వెతికేవారు ముందుగా చదవవలసిన వాక్యం ఇది. సందేహం రెండవ సగంలో ఉంది. ‘హస్తగ్రాభస్య దిధిషోః’, చేయి పట్టుకొన్న, పొందగోరిన భర్తకు భార్యవైనావు అని ఋగ్వేదంలో పూర్తయిన క్రియ ఉంది. అంటే గతించిన భర్తతో ఆమె కాపురం ముగిసిందని చెబుతున్నట్లు. ఋగ్వేదభాష్యంలో సాయణులు ఆ విధంగానే ‘దిధిషు’ శబ్దాన్ని గర్భాన్ని నిలిపిన భర్తగా వివరించారు. తైత్తిరీయారణ్యక భాష్యంలో అదే శబ్దానికి మళ్లీ పెళ్లి చేసుకోగోరినవాడు అని అర్థం చెప్పి, ఆ భర్తకు భార్యవు కమ్ము అన్నట్లు క్రియను విధిగా తీసుకున్నారు. ఒకే భాష్యకారుని పేరిట రెండు భాష్యాలు, రెండు అర్థాలు. పునర్వివాహాన్ని సమర్థించడానికి రెండవదాన్ని మాత్రమే చూపడం, పాత నిబంధకారులు తమకు కావలసిన మంత్రాన్ని మాత్రమే ఉదాహరించడం లాంటిదే అవుతుంది. పెళ్లి హక్కుకు ఈ క్రియారూపం అవసరం లేదని కూడా ఆయనకు రాశాను. ఆ వాక్యాన్ని ఆయన మెచ్చుకోలేదు.

చివరికి ఏడవ మంత్రం కింద వెళ్లిన అధోజ్ఞాపిక ఇది: “యోనిమగ్రే: ఋగ్వేద, అథర్వవేద, తైత్తిరీయ పరంపరలన్నింటిలో ఇదే పాఠం, స్వరమూ పదపాఠమూ దీనినే సమర్థిస్తాయి. కొన్ని ధర్మనిబంధాల్లో ఈ మంత్రం ‘అగ్ని’ శబ్దంతో ఉదాహరింపబడి, అగ్నిప్రవేశానికి ఆధారంగా చెప్పబడింది; ఆ రూపంలో పాదం ఛందోభంగం పొందింది, మరికొన్ని పదాలూ చెడిపోయాయి. మంత్రం భర్తలు జీవించి ఉన్న బంధుస్త్రీలను గురించినది.” ‘కూటసృష్టి’ అన్న మాట రాలేదు. ‘కొందరు చదువుతారు’ అన్న మాటా పోయింది. ‘యోని’ని అనువాదంలో ఇల్లు అని కాకుండా స్థానం అని ఉంచాను, సాయణుల అర్థాన్ని అధోజ్ఞాపికలో ఇచ్చాను. ఇల్లు అనగానే తెలుగు పాఠకుని కళ్లముందు గోడలు, గడప కనిపిస్తాయి. మూలంలోని మాట అంత స్పష్టమైన బొమ్మను ఇవ్వడం లేదు.

ఎనిమిదవ మంత్రం కింద రెండు భాష్యాల అర్థాలనూ ఒకదాని తరువాత ఒకటి, ఏది సరైనదో తేల్చకుండా ఇచ్చాము. పుస్తకం వెలువడిన తరువాత తైత్తిరీయ శాఖకు చెందిన ఒక వైదికుడు ఉత్తరం రాస్తూ, ఋగ్వేదంలోని ‘సం బభూథ’ చోట తమ ఆరణ్యకంలో ‘సంబభూవ’ అని ఉందనీ, సాయణుల రెండవ అర్థం ఆ పాఠం మీద రాసినదనీ, దానిని ఋగ్వేద పాఠం కింద మాత్రమే ఇవ్వడం పాఠకుణ్ణి పొరబాటు పట్టిస్తుందనీ చూపించారు. ఆయన చెప్పినది సరైనదే. రెండవ ముద్రణ ప్రూఫుల్లో ఇప్పుడు రెండు పాఠాలను, వాటి వాటి భాష్యార్థాలతో, విడివిడిగా అమర్చుతున్నాను.